ఎస్తేరు మేడమ్‌ను వెనక్కి పిలుచుకురావడానికి నారాయణఖేడ్ వెళ్లాను

హైదరాబాద్‌లో నేను చదివిన మహిళా కళాశాలకు బాస్కెట్‌బాల్ కోచ్ కావాలి. చాలా ఏళ్లు ఆ పని చేసి, మాకు ఆట నేర్పి, కప్పులు గెలిపించిన ఎస్తేరు మేడమ్ రెండేళ్ల క్రితం ఉద్యోగం వదిలేసి, సొంత ప్రాంతమైన నారాయణఖేడ్‌లో ఒక చిన్న డిగ్రీ కాలేజీలో చేరారు. ప్రిన్సిపాల్ ఫోన్ చేస్తే "రాను" అని తేల్చేశారట. "పాత విద్యార్థులు అడిగితే కాదనదు, నువ్వొకసారి వెళ్లిరా" అన్నారు ప్రిన్సిపాల్. నాకూ ఆవిడను చూడాలనే ఉంది, బ్యాంకులో ఒక రోజు సెలవు పెట్టాను.

ఉదయం ఆరింటికి లింగంపల్లిలో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఉచితమే. సంగారెడ్డి, జోగిపేట దాటి, నిజాంపేట దగ్గర హైవే వదిలాక రెండు పక్కలా కంది, పత్తి చేలు. పది కావస్తుండగా నారాయణఖేడ్‌లో దిగాను. ఆటో అతనికి కాలేజీ పేరు చెప్పగానే నవ్వాడు.

"గా బాల్ మేడం తానికా? మా బిడ్డను గూడ ఉరికిస్తది ఆమె. కూసో."

మేడమ్ మెడలో ఈలతో కోర్టు పక్కనే నిలబడి ఉన్నారు. "ఏమే, గింత బక్కగైనవ్! బ్యాంకోళ్లు తిననిస్తలేరా?" అంటూ దగ్గరికి లాక్కున్నారు. కానీ ఆవిడ మనసు అక్కడ లేదు. జట్టులో అందరికంటే బాగా ఆడే అనిత వారంగా రావడం లేదు. అమ్మానాన్నలు కూలి పనికి హైదరాబాద్ వెళ్తూ, వంటకీ తమ్ముణ్ణి చూసుకోవడానికీ ఆ పిల్లను కూడా తీసుకెళ్తున్నారు. "రేపే పోతరంట. పా, సిర్గాపూర్‌ల వాళ్లింటికి పోదాం" అన్నారు. నేను వచ్చిన పని చెప్పే వీలే దొరకలేదు.

అనిత ఇంటి ముందు మూటలు కట్టి ఉన్నాయి. తండ్రి రాజయ్య ముఖం తిప్పుకున్నాడు.

"ఆటతోని ఏమొస్తది మేడం? ఆడ ఒంట ఎవరు చెయ్యాలె?"

మేడమ్ నేల మీదే కూర్చున్నారు. "నన్ను గూడ మా నాయిన గట్లనే తోలుకపోయిండు రాజన్నా. ఇటుకలు మోసిన. పక్క బడిల పిల్లలు బాల్ ఆడుతుంటే గోడ మీదికెల్లి సూస్తుంటి. ఒక సారు లోపలికి పిలిచి బాల్ చేతిల పెట్టిండు. సదువు గట్ల దొరికింది. మోకాలు పోయినంక కోచ్‌నైన."

మూడేళ్లు ఆవిడ దగ్గర ఆడాను. ఈ సంగతి నాకు ఏనాడూ తెలియదు.

"గోడ అవతలికెల్లి ఎవరో పిలుస్తరని నీ బిడ్డ ఎందుకు ఎదురుసూడాలె? నేను ఈడ్నే ఉన్న గద. నౌకరి ఇప్పిస్తనని అబద్ధం చెప్ప. డిగ్రీ అయ్యేదాంక నా ఇంట్ల ఉంటది."

అనిత తల్లి వచ్చి మూట విప్పి, కూతురి బట్టలు వేరుగా తీసింది. "చిన్నోన్ని నేను పనికాడికి తీస్కపోత. నువ్వు పో బిడ్డా."

"రోజు ఫోన్ చెయ్యాలె" అన్నాడు రాజయ్య. తర్వాత మాకు జొన్నరొట్టె, పప్పు పెట్టారు. తినకుండా కదలనివ్వలేదు.

తిరిగొస్తూ ఆటోలో ప్రిన్సిపాల్ మాట చెప్పాను. మేడమ్ పెద్దగా నవ్వారు. "నేనైతే రాను. ఇగ ఎండాకాలం నా పిల్లలను తీస్కోనొస్త, మీ కాలేజీని ఓడగొట్టి పోతనని చెప్పు!" పక్కన బట్టల మూటతో కూర్చున్న అనిత సిగ్గుపడుతూ ఆటోలోంచి బయటికి చూసింది.

పెద్ద కాలేజీ వదిలి చిన్న ఊరికి వెళ్లడం మెట్టు దిగడమేనని మేమంతా అనుకున్నాం. సాయంత్రం ప్రాక్టీసులో అనిత చేతికి బంతి అందగానే తోటి పిల్లలు వేసిన కేక విన్నాక ఆ మాట నా నోట మళ్లీ రాదు. ప్రిన్సిపాల్‌కు ఏం చెప్పాలా అన్న బెంగ కూడా పోయింది.

మీరూ ఆ కోర్టు చూడ్డానికి వెళ్తే ఒక్క సలహా: బూట్లు తప్పకుండా తీసుకెళ్లండి. ఊరికే నిలబడి చూస్తానంటే మేడమ్ ఒప్పుకోరు. నేను చెప్పులు విడిచి ఆడాను; రెండు పాదాలూ బొబ్బలెక్కాయి, అనిత నన్ను ఒక్కసారి కూడా బంతి ముట్టుకోనివ్వలేదు.