ఆయ్ అంటే విన్నానని

ఇప్పుడు నా ఫోన్‌లో పాడ్‌కాస్టు ఒక్కటి కూడా లేదు. అన్నీ తీసేశాను. అయినా వాటి నుంచి తప్పించుకునే దారి మాత్రం లేదు. నిడదవోలు స్టేషన్లో ఖాళీ బెంచీ చూసుకుని కూచుంటే, పక్కన ఒకాయన ఇయర్‌ఫోన్లు లేకుండా ద్రవ్యలోటు గురించి వింటూ ఉంటారు. కూరల బండి మీద తోటకూర కట్టల మధ్య ఫోన్ నిలబెట్టి ఉంటుంది, అందులో ఇద్దరు మనుషులు వచ్చే ఎన్నికల్లో ఎవరు గెలుస్తారో ఇప్పటి నుంచే తేల్చేస్తుంటారు. మావారు గెడ్డం గీసుకుంటూ ఎగుమతులూ సుంకాలూ వింటారు, అదీ వేగం పెంచి. ఎవరో తరుముతున్నట్టు ఉంటుంది ఆ మాట్లాడే మనిషి గొంతు. నెమ్మదిగా వినొచ్చు కదండీ అంటే, "రెండు గంటలుంది, ఎప్పటికయ్యేను" అంటారు. మరి వినమని ఈయన్ని ఎవరు బతిమాలారో నాకు తెలీదు.

నిజానికి విసుక్కునే హక్కు నాకు లేదు. ఈ గోలలో నాదీ ఒక గొంతే.

నేను ఇంటర్ పిల్లలకి ఎకనామిక్స్ చెబుతాను. మా కాలేజీలోనే సివిక్స్ చెప్పి రిటైరైన మాస్టారొకరున్నారు. ఊరికే కూచోవడం ఆయనకి చేతకాదు. మొన్నటి ఎన్నికలు ఇంకా ఏడాదిన్నర ఉన్నాయనగా ఒకరోజు స్టాఫ్ రూమ్‌కి వచ్చి, "అమ్మా, ఎక్కడో హైదరాబాద్‌లో కూచుని మన జిల్లాల గురించి చెప్పేవాళ్లని వినలేక చస్తున్నాను. మనమే మాట్లాడదాం, ఏమంటారు?" అన్నారు. సరేనండి అన్నాను. అప్పటికి నాకింకా ఓపిక ఉంది.

ఆయన మేడ మీది గదిలో కిటికీలకి పాత బొంతలు కట్టి రికార్డింగ్ చేసేవాళ్లం. జంక్షన్ ఊరు కదా, గూడ్సు వచ్చిందంటే ద్రవ్యోల్బణం సగంలో ఆగిపోయేది. ఫ్యాను చప్పుడు మైకులో పడుతుందని అదీ ఆపేసేవాళ్లం. చెమటలు కారుకుంటూ ప్రజాస్వామ్యం గురించి మాట్లాడేవాళ్లం. ప్రతి ఆదివారం ఎవరో ఒక అతిథిని ఫోన్‌లో కలుపుకునేవాళ్లం. మాస్టారు ప్రశ్నలడిగేవారు. అర్థం కానిదేమైనా ఉంటే నేను విడమరిచి చెప్పేదాన్ని. మిగతా టైమంతా వినడమే నా పని. మా వైపు వినడమంటే ఊరికే చెవులు అప్పగించి కూచోవడం కాదు. ఆయ్ అనాలి.

గోదావరి జిల్లాలవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, మిగతావాళ్లకి చెప్పాలి. మర్యాద ఇవ్వాల్సిన మనిషి ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యమధ్యలో మేం ఆయ్ అంటాం. మీ మాట నా చెవిన పడుతోందండి, కానివ్వండి అని దానర్థం. అంతేగానీ ఒప్పుకున్నట్టు కాదు. పొలం అమ్మేది లేదని తీర్మానించుకున్న రైతు కూడా, కొనడానికొచ్చినాయన చెప్పేదంతా వింటూ ఇరవై సార్లు ఆయ్ అని, చివర్లో "కుదరదండి" అని లేస్తాడు. చిన్నప్పుడు పెద్దవాళ్లు ఏదైనా చెబుతున్నప్పుడు నేను బెల్లం కొట్టిన రాయిలా కూచుంటే మా నాన్నగారు ఊరుకునేవారు కాదు. "ఆయ్ అనవేంటే, గోడకి చెప్పుకుంటున్నాం అనుకుంటారు" అని కసిరేవారు. ఇంట్లో మాలో మాకు మాత్రం ఊఁ చాలు. నేనూ మా తమ్ముడూ పుట్టి బుద్ధెరిగాక ఒకరితో ఒకరం ఆయ్ అన్నది లేదు. మా ఇంట్లో ఆయ్ అనేది బయటి నుంచి వచ్చినవాళ్లకి.

బయటి ఊళ్లవాళ్లు మా ఎపిసోడ్ల కింద రాసేవారు, మేడం అన్నిటికీ తలూపుతారేంటి, సొంత అభిప్రాయం లేదా అని. ఎడిటింగ్‌లో కొన్ని ఆయ్‌లు కోసేద్దామా అన్నారు మాస్టారు. నాకు ఒళ్లు మండింది. "పొడుం పీల్చి మీరు తుమ్మే తుమ్ములు కోసుకోండి మాస్టారూ, నా ఆయ్ జోలికి రాకండి" అన్నాను. ఆయన పడీ పడీ నవ్వారు. అలా ఆయ్‌లు ఉండిపోయాయి.

మా తమ్ముడికి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. మా మొదటి శ్రోత వాడే. ఆదివారం సాయంత్రం మేం ఎపిసోడ్ పెడితే, సోమవారం పొద్దున్నే మేత వేసే వేళకి చెరువు గట్టు మీద స్పీకర్లో పెట్టేవాడు. చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ల హోరులో నా గొంతు వినపడట్లేదని పెద్ద స్పీకర్ కొన్నాడు. పక్క చెరువులవాళ్లని పిలిచి మరీ వినిపించి, "మా అక్క" అని కాలరెగరేసేవాడు. అంతా అయ్యాక ఫోన్ చేసి, "అక్కా, నువ్వు చెప్పింది సగం అర్థం కాలేదు గానీ భలే చెప్పావు" అనేవాడు. అక్కణ్ణుంచి పిల్లల చదువులు, మరదలి మోకాలి నొప్పి, మా చిన్నప్పటి గొడవలు, ఎక్కడెక్కడికో వెళ్లిపోయేది మాట. అంతకుముందు పదేళ్లు మేం పండక్కీ పబ్బానికీ తప్ప పలకరించుకున్నది లేదు. ఎవరి పనులు వాళ్లవి. ఈ పాడ్‌కాస్టు పుణ్యమా అని మా తమ్ముడు మళ్లీ నాకు దొరికాడు. ఆదివారాలు ఆ ఉక్కలో కూచున్నది దేశం కోసమని అందరితో అనేదాన్ని గానీ, సోమవారం వచ్చే ఆ ఫోన్ కోసమే కూచున్నాను.

ఎన్నికలు దగ్గరపడ్డ వేసవిలో ఒక ఆదివారం, రాయితీల మీద మాట్లాడటానికి హైదరాబాద్ నుంచి ఒక విశ్లేషకుణ్ణి ఫోన్‌లో కలిపాం. మాట మంచివాడే. చెప్పుకుంటూ చెప్పుకుంటూ రొయ్యల దగ్గరికి వచ్చాడు.

"రొయ్యల చెరువులకి కరెంటు రాయితీ శుద్ధ దండగ మేడం" అన్నాడు.

"ఆయ్" అన్నాను.

"ఆ చెరువులు పూడ్చేసి మళ్లీ వరి వేసుకుంటే నేలా బాగుపడుతుంది, నీళ్లూ బాగుపడతాయి."

"ఆయ్."

"ఓట్ల కోసం ఇస్తున్నారు తప్ప, అది ఇవ్వాల్సిన అవసరమే లేదు."

"ఆయ్."

సరిగ్గా అప్పుడే గూడ్సు వచ్చింది. అది వెళ్లేదాకా ఆగాం. ఆగి మళ్లీ మొదలుపెట్టేసరికి మాస్టారు ఇంకో ప్రశ్నకి వెళ్లిపోయారు. ఆ రైలు రాకపోతే నేనేమైనా ఎదురు అడిగేదాన్నేమో. అడగాలని నాకు నిజంగా ఉందో లేదో మాత్రం ఇప్పుడు చెప్పలేను.

ఎపిసోడ్‌లోంచి ఆ ముక్క ఎవరు కోసి పెట్టారో తెలీదు. నిమిషం కూడా లేదు. నా మూడు ఆయ్‌లూ పొల్లుపోకుండా ఉన్నాయి. పైన ఎర్రక్షరాల్లో, "రొయ్యలకి రాయితీ దండగే, ఒప్పుకున్న లెక్చరర్ మేడం" అని రాశారు. రెండు రోజుల్లో వాట్సాప్‌లో ఊళ్లన్నీ చుట్టేసి అది భీమవరం కూడా చేరింది.

రొయ్యల రైతులు రాయితీ తీసేయొద్దని అభ్యర్థుల ఇళ్ల చుట్టూ తిరుగుతున్న రోజులవి. మా తమ్ముడు నలుగురిలో మాట్లాడగలడని వాడినే ముందు పెట్టుకుని వెళ్లేవారు. ఆ వారం ఒక అభ్యర్థి ఇంటి వరండాలో వాడు అర్జీ చదువుతుంటే, అభ్యర్థి పక్కనున్నాయన ఫోన్ తీసి నా మూడు ఆయ్‌లూ వినిపించాడట. "ముందు మీ అక్కగారిని ఒప్పించుకు రండి, తర్వాత మా సంగతి" అన్నాడట. వరండా అంతా నవ్వారట. వాడు చదువుతున్న కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాడు. మర్నాటి నుంచి రైతులు ఇంకొకర్ని ముందు పెట్టుకున్నారు. ఇదంతా మా మరదలు ఫోన్ చేసి చెప్పింది. "ఆయన అన్నం కూడా సరిగ్గా తినట్లేదు వదినా" అంది.

ఆ సోమవారం తమ్ముడి ఫోన్ రాలేదు. నేను చేస్తే ఎత్తలేదు. తర్వాతి సోమవారమూ అంతే.

మాస్టారికి చెబితే, "దీనికింత బాధెందుకమ్మా, ఆయ్ అంటే ఏంటో ఒక ఎపిసోడ్ చేసేద్దాం, అందరికీ అర్థమవుతుంది" అన్నారు. చేశాం. అరగంటసేపు నవ్వుతూ తుళ్లుతూ మాట్లాడాను. పొలం అమ్మని రైతు సంగతి చెప్పాను, మా నాన్నగారి కసుర్లు చెప్పాను. అన్నాళ్లలో బడ్జెట్టు మీద గానీ సర్వేల మీద గానీ చేసిన ఏ ఎపిసోడూ విననంతమంది అది విన్నారు. జోకులు పుట్టాయి. మా కాలేజీలో హాజరు వేస్తుంటే పిల్లలు ప్రెజెంట్ మేడం అనడం మానేసి ఆయ్ అనడం మొదలుపెట్టారు. మాస్టారు మురిసిపోయారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆ అరగంటలో రొయ్యల మాట నేను ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎవరూ వద్దనలేదు, నేనే ఎత్తలేదు.

ఓట్లయ్యాయి. గెలిచినవాళ్లు గెలిచారు, ఓడినవాళ్లు ఓడారు. ఎవరు గెలుస్తారో ఆర్నెల్లపాటు చెప్పినవాళ్లే, వాళ్లెందుకు గెలిచారో ఇంకో ఆర్నెల్లు చెప్పడానికి కూచున్నారు. మాస్టారు ఇంకో అతిథిని పిలుద్దామన్నారు. మైకు ముందు నోరు తెరవాలంటేనే నాకు నీరసం వచ్చేస్తోంది. ఓపిక లేదు మాస్టారూ అని చెప్పి, ఆ ఆదివారం భీమవరం ప్యాసింజర్ ఎక్కాను. పెట్టె నిండా అవే గొంతులు. ఎదురు సీటాయన ఫలితాల విశ్లేషణ వింటూ వింటూ నిద్రపోయాడు, ఫోన్ మాత్రం చెబుతూనే ఉంది.

నేను వెళ్లేసరికి తమ్ముడు చెరువు గట్టు మీదే ఉన్నాడు. రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూడటానికి, నీళ్లలో దింపిన పళ్లెం పైకి లాగుతున్నాడు. మేత బస్తాల గది గోడకి ఆ పెద్ద స్పీకర్ మేకుకి వేలాడుతూనే ఉంది. ఎవరో దాని మీద తడి తువ్వాలు ఆరేశారు.

"ఎప్పుడొచ్చావక్కా?" అన్నాడు.

"ఇప్పుడేరా. నా మీద కోపమా?"

"కోపమెందుక్కా" అన్నాడు, నా వైపు చూడకుండా.

"ఆయ్ అంటే ఒప్పుకున్నట్టు కాదని నీకు తెలీదట్రా?"

"నాకు తెలీకపోవడమేంటి. ఊరందరికీ చెప్పింది నేనే. మా అక్క వింది, అంతేగానీ ఒప్పుకోలేదు అని. ఒకడితో చొక్కాలు పట్టుకునేదాకా వెళ్లాను." పళ్లెం నెమ్మదిగా మళ్లీ నీళ్లలోకి వదిలాడు. "నీ నోటితో ఒక్కసారి చెప్పక్కా, చాలు. నువ్వు ఒప్పుకోలేదు కదా?"

లేదురా అంటే అయిపోయేది. ఆ ఒక్క మాట నేను అననేమోనని వాడు ఇన్నాళ్లూ ఫోన్ ఎత్తకుండా భయపడుతూ కూచున్నాడని వాడి మొహం చూస్తే తెలిసిపోయింది. కానీ అంటే అది అబద్ధమయ్యేది. ఆ మూడు ఆయ్‌లలో మొదటిది మర్యాదకే అన్నాను. రెండోది, చెరువులు పూడిస్తే నీళ్లు బాగుపడతాయన్నప్పుడు, రొయ్యల చెరువులొచ్చాక మా పుట్టింటి వీధిలో తాగే నీళ్లు ఉప్పగా మారడం గుర్తొచ్చి అన్నాను. మూడోది పూర్తిగా ఒప్పుకునే అన్నాను. ఒప్పుకున్నానని పైకి చెప్పే ధైర్యం లేక మర్యాద చాటున దాక్కున్నాను. ఆ సంగతి ఆ గట్టు మీద నిలబడేదాకా నాకే సరిగ్గా తెలీదు. తెలిశాక చచ్చేంత సిగ్గేసింది.

పోనీ, అవునురా ఒప్పుకున్నాను అన్నా బాగుండేది. వాడు కేకలేసేవాడు, నేనూ వేసేదాన్ని, మధ్యాహ్నానికి మూతులు ముడుచుకునైనా ఒకే చోట అన్నం తినేవాళ్లం. నేను ఆ రెండూ చెయ్యలేదు.

"అది అంత సూటిగా చెప్పే విషయం కాదురా" అని మొదలుపెట్టాను. "ఒకవైపు నుంచి చూస్తే, రైతు పెట్టుబడి ఉంది."

"ఊఁ" అన్నాడు.

"ఎగుమతులున్నాయి. వాటి మీద ఎంతమంది బతుకుతున్నారో చూడాలి."

"ఊఁ."

"ఇంకోవైపు నేల సంగతి, నీళ్ల సంగతి ఉంది. దీర్ఘకాలంలో చూసుకుంటే..."

ఆదివారాల గొంతు అది. నాకే వినపడుతోంది, కానీ ఆపలేకపోయాను. వాడు వంగి గట్టు పక్క కాలవలో చేతులు కడుక్కున్నాడు. భుజం మీది తువ్వాలుతో తుడుచుకుని, ఆ తువ్వాలు తీసి చేతి మీద వేసుకుని, ఎవరో పెద్దవాళ్ల ఎదుట నిలబడ్డట్టు తిన్నగా నిలబడ్డాడు. వచ్చాక మొదటిసారి నా మొహంలోకి చూశాడు.

"ఆయ్" అన్నాడు.

నేను మాట మధ్యలో ఆగిపోయాను. మిగతాది కూడా చెబుతానేమోనని, మర్యాదగా, మా తమ్ముడు ఇంకా నిలబడే ఉన్నాడు.