ఏ నీళ్లు తాగి పెరిగింది?

జనార్ధన్ పటేల్ ఏదైనా నోట్లో పెట్టుకునే ముందు ఒక ప్రశ్న అడిగి తీరాలి: "ఇది ఏ నీళ్లు తాగి పెరిగింది?" అది వంకాయైనా సరే, వియ్యాలవారి విందైనా సరే, జవాబు వచ్చేదాకా ముద్ద చేతిలోనే ఉంటుంది. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా పరుచుకున్న ఆయన బంధువర్గంలో, ఆయన రెండోసారి వడ్డించుకోగా చూసినవాళ్లు ఒక్కరూ లేరు. విచారణ పూర్తయ్యేసరికి విస్తళ్లు ఎత్తేస్తారు మరి.

ఇలాంటి మనిషితో కాపురం చేసుకొస్తున్న జయమ్మ ఓర్పును గురించి వేరే చెప్పాలా? కొత్తలో ఆయన ఇలా ఉండేవాడు కాదు. పెట్టింది తినేవాడు, తిన్నది అరిగించుకునేవాడు. ఒకనాడు రైతు వేదికలో ఏదో మీటింగు ఉందంటే, చాయ్ ఇస్తారు కదా అని వెళ్లాడు. అక్కడ ఒక మేడం గారు నీళ్లలో, నేలలో, కూరల్లో కలిసే విషలోహాల గురించి చెప్పింది. పటేల్ చాయ్ ముట్టకుండానే ఇంటికొచ్చాడు.

"నలుగురున్నరే జయా," అన్నాడు చెప్పులు విప్పకుండానే. "సీసం, పాదరసం, కాడ్మియం, ఆర్సెనిక్. కంటికి కనవడరు. నాలికెకు తగలరు. మరగవెడితె పోతరా అంటె పోరు. నీళ్లు ఇగిరిపోతయి గని వాళ్లు గిన్నెల్నే కూసుంటరు. గా సీసం ఉన్నడే, వాడైతె ఒక్కపారి ఒంట్ల జొచ్చిండంటె బొక్కలల్లనే కాపురం వెడతడు."

"మా అన్నల గురించేనా చెప్తున్నవ్?" అంది జయమ్మ. ఆమెకు నలుగురు అన్నలు.

ఆ మాట ఆమె నవ్వులాటకే అంది గాని, ఆ రోజు నుంచి ఆ ఇంట్లో సీసం పేరు పెద్దబావ అయిపోయింది. దుకాణం పసుపు కాస్త ఎక్కువగా మెరిసిందంటే చాలు, "గింత పచ్చగున్నదంటె ఇండ్ల పెద్దబావ ఉన్నట్టే" అని పొట్లం తిరిగిచ్చి వచ్చేవాడు. జయమ్మ పెద్దన్న రాఘవేందర్ ఒకసారి సరిగ్గా ఆ మాట అంటుండగానే గుమ్మంలోకి వచ్చాడు. "పసుపుల ఎందుకుంట బావా? గిక్కడే ఉన్న గద," అన్నాడు పాపం.

దేవరయాంజాల్ సీతారామస్వామి గుడిలో తీర్థం పుచ్చుకునేటప్పుడు కూడా పటేల్ ఊరుకోలేదు.

"బోరుదా అయ్యగారూ, నల్లాదా?"

"భక్తిది పటేలా," అన్నాడు పూజారి.

"దాన్ని ఎన్నడన్న టెస్టు చేయించిండ్రా?"

వెనక వరుసలో జనం గొణుగుడు మొదలుపెట్టారు. జయమ్మ మొగుడి కండువా పట్టి గుడి బయటికి లాక్కొచ్చింది. ఆ రోజు ఆమె దేవుడికి దండం పెట్టిందో లేదో ఆమెకే గుర్తు లేదు.

చెరువులో చేపలు పట్టే సోమయ్య మాత్రం ఆయనకు దీటుగా నిలబడేవాడు.

"గీ చాప ఏ నీళ్లు తాగి పెరిగింది సోమయ్యా?"

"నన్నడుగుతవేంది పటేలా! అది నోరు తెర్సుకోనే ఉన్నది, దాన్నే అడుగు."

చేప చెప్పకపోతే ల్యాబు చెబుతుందని పటేల్ ధీమా. సీసాలో నీళ్లో, డబ్బాలో కూరో పట్టుకుని పట్నంలో పరీక్షలు చేసే చోటికి బస్సెక్కేవాడు. అక్కడ పనిచేసే అభిలాష్ ఆయనను దూరంనుంచే చూసి, "ఈసారి ఎవరి బోరు సార్?" అని నవ్వేవాడు. తన పొలం బోరు, బావల బావులు, నాగారంలో చుట్టాల కాలనీ ట్యాంకు, అన్నీ అయ్యాయి. ప్రతిసారీ నీళ్లు మంచివనే తేలేది. ప్రతిసారీ పటేల్ దిగాలుగా ఇల్లు చేరేవాడు. నీళ్లు మంచివని తెలిసి మొహం వేలాడేసుకునే మనిషిని జయమ్మ ఇంకెక్కడా చూడలేదు.

అలాంటివాడు ఉన్నట్టుండి అడగడం మానేశాడు.

సోమయ్య భార్య మైసమ్మ మేడ్చల్ రోడ్డు పక్కన ఆకుకూరలు అమ్ముతుంది. పటేల్ తెల్లారకముందే వెళ్లి, ఏ నీళ్లు ఏమిటని అడక్కుండా, ఆమె గంపకు గంప కొనేస్తున్నాడని జయమ్మకు పాలవాడు చెప్పాడు. ఇంటికి చూడబోతే ఒక్క కట్ట రాలేదు.

"మైసమ్మ తాన కూర కొన్నవంట?"

"ఎవలు చెప్పిండ్రు?"

"గంపెడు కూర కొన్నవంట. ఏది?"

"బర్రెలకేసిన."

"మనకు బర్రెలున్నయా?"

బర్రెల్ని అమ్మేసి చాలా కాలమైంది. ఆ సంగతి అబద్ధం ఆడే ముందు పటేల్‌కు గుర్తు రాలేదు.

అడిగితే తల కొట్టుకునేది కాని, అడగకపోతే ఇంత భయం వేస్తుందని జయమ్మ అనుకోలేదు. పెట్టింది పెట్టినట్టు తింటున్నాడు, అదీ సగమే. వంకాయ ముందు కూర్చుని నిట్టూరుస్తున్నాడు. మనిషికి ఏదో అయింది.

ఇంటి వెనక పాత కోళ్ల ఫారం షెడ్డు ఒకటి ఉంది. కోళ్లు లేక ఖాళీగా పడి ఉండే ఆ షెడ్డుకు కొత్త తాళం చూసి, జయమ్మ దండేనికి వేలాడుతున్న ఆయన అంగీ జేబులోంచి తాళంచెవి తీసింది. తలుపు తెరిస్తే వాసన మొహానికి కొట్టింది. లోపల మూతులు కట్టిన సంచులు, వాటి పక్కన వాడిపోయిన తోటకూర, పాలకూర, గోంగూర కట్టలు గుట్టగా ఉన్నాయి.

"ఏందయ్యా ఇది? కోళ్లు వోయి కూరలు కాపురమొచ్చినయా?"

వెనకాలే వచ్చిన పటేల్ గడప మీద కూర్చుండిపోయాడు.

"ముట్టకు జయా. బర్రెలకేస్తె పాలల్ల వస్తడు. కాలవెడితె పొగల వోతడు. పాతిపెడితె నేలల వోతడు. కాలుష్యం ఆఫీసోళ్లు సంచులల్ల కట్టి పెట్టమన్నరు. ఆఫీసు బండొచ్చి తీస్కవోతదట."

"ఎవడు?"

"పెద్దబావ."

ఆ మాటకు ఇద్దరిలో ఎవరికీ నవ్వు రాలేదు.

మెల్లగా చెప్పాడు. వాగుకు ఎగువన ఎవరో దొంగచాటుగా షెడ్డు వేసి సీసం కోసం పాత బ్యాటరీలు పగలగొట్టారు. ఇప్పుడు మూయించారు గాని, ఆ నీళ్లు అప్పటికే వాగు ఒడ్డున ఉన్న ఒకే ఒక్క మడిలో, మైసమ్మ మడిలో పారాయి. అందరినీ అడిగినట్టే ఆమెనూ అడిగి, అలవాటుకొద్దీ ఒక కట్ట, ఒక సీసా నీళ్లు పట్నం పట్టుకెళ్లాడు. ఈసారి అభిలాష్ నవ్వలేదు.

"మరి ఊరంత చెప్పవేంది?" అంది జయమ్మ. "గుడిల తీర్థాన్నే ఇడ్సిపెట్టలే నువ్వు!"

"చెప్తె? రేపటి సంది మైసమ్మ గంప దిక్కు ఎవలన్న చూస్తరా? మంచి కూర దెచ్చినా గంతే. పేరు వోతె మళ్ల రాదు జయా. ఆమె చేసిన తప్పేంది? అత్త ఏసిన మడిల తనూ ఇత్తనమేసింది."

మైసమ్మకూ సోమయ్యకూ మాత్రం చెప్పాడు. తన బోరు పక్కన ఒక చెక్క భూమి చూపించి, అక్కడ కొత్తగా మడి వేసుకోమన్నాడు. అది చేతికొచ్చేదాకా ఇల్లు గడవడానికి ఉంచుకోమని డబ్బులివ్వబోతే మైసమ్మ లేచి నిలబడింది. "కూర ఇయ్యకుంట పైసలు తీసుకుంటనా పటేలా? నేనేమన్న అడుక్కుంటున్ననా?" అంది. పైగా రోడ్డు పక్కన ఆమె కూర్చునే జాగా ఒక్కరోజు ఖాళీ పెడితే చాలు, ఇంకొకరు వచ్చి గంప దించుతారు. అందుకని ఆమె రోజూ వచ్చి కూర్చుంటుంది. ఇంకో బేరం రాకముందే పటేల్ వెళ్లి గంప ఖాళీ చేస్తాడు.

"నాకెందుకు చెప్పలే?"

"నీకు చెప్తె నలుగురికి తెలుస్తది."

"ఏ నలుగురికి?"

"మీ అన్నలకే."

జయమ్మకు కోపం రావలసిందే. కాని అప్పటికే ఆమె మనసు ఇంకోచోట చిక్కుకుంది. మైసమ్మ మనవరాలు అంకిత, గోంగూర పచ్చిదే నమిలే పిల్ల, ఆ మడి గట్టు మీదే పెరిగింది.

"గా పోరి?"

"రక్తం చూపించినం. సీసం ఉన్నది," అన్నాడు పటేల్. "మందులు అక్కర లేదు, గా కూర బంద్ వెట్టి పాలు, గుడ్లు మంచిగ వెట్టుండ్రి, కొన్ని నెలలైనంక మళ్ల చూద్దాం అన్నది డాక్టరమ్మ. ఇన్నేండ్ల సంది అడుగుతున్న జయా. ఒక్కపారన్న నా మాట నిజమైతె బాగుండని లోపల ఉండె. ఇగో, అయ్యింది. నాకొద్దీ నిజం."

జయమ్మ తలుపు మూసి తాళం వేసింది. చెవి ఆయన చేతికి ఇవ్వకుండా తన కొంగున కట్టుకుంది.

ఆ మర్నాటి నుంచి అంకితకు గుడ్లు, పాలు జయమ్మే మోసుకెళ్లింది. రాఘవేందర్ ఫోను చేసి, "బావ గంపలకు గంపలు కూర కొంటున్నడట, ఎందుకు చెల్లే?" అని అడిగాడు.

"బర్రెలకు."

"మీకు బర్రెలేడియి?"

"కొంటం తియ్, నీకేంది!" అని ఫోను పెట్టేసింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె అన్నల దగ్గర దాచిన మాట అదొక్కటే.

బండి వచ్చి సంచులు తీసుకుపోయింది. కొత్త మడి మొలిచింది. పటేల్ దాని గట్టు మీదే కాపలా ఉన్నాడు. మొదటి కోత పట్నం పోయింది. అభిలాష్ ఫోను చేశాడు.

"సార్, ఈసారి కూడా మీకు నిరాశే. కూరలో ఏం లేదు!" అంటూ నవ్వాడు.

పటేల్‌కు ఆ నవ్వు సగమే చాలింది. మిగిలిన సగం ఇంకొన్ని నెలలకు, అంకితకు రెండోసారి రక్తం చూశాక డాక్టరమ్మ దగ్గర దొరికింది. సీసం బాగా దిగింది, ఇలాగే ఉంటే ఇంకా దిగుతుంది, పిల్ల చక్కగా ఉంది అని ఆవిడ ఫోనులో చెప్పింది. పటేల్ ఫోను పట్టుకునే గట్టు మీద కూలబడ్డాడు. మంచి కబురుకు ఆయన మొహం వెలగడం జయమ్మ అప్పుడే మొదటిసారి చూసింది. ఆమె కూడా పక్కనే కూలబడి కొంగుతో కళ్లొత్తుకుంది. అమ్మయ్య అనుకోవడానికి కూడా కొంచెం బలం కావాలని అప్పుడే తెలిసింది.

ఆ ఆదివారం మైసమ్మ ఇద్దరినీ భోజనానికి పిలిచింది. వేడి అన్నం, పాలకూర పప్పు వడ్డించి పక్కన నిలబడింది. సోమయ్య తన కంచం ముట్టకుండా కూర్చున్నాడు.

"అడుగు పటేలా. నువ్వు అడగంది మాకు ముద్ద దిగది."

పటేల్ వినిపించుకోలేదు. పప్పు కలిపాడు, తిన్నాడు. మళ్లీ కలిపాడు, మళ్లీ తిన్నాడు. అందరూ ఆయన నోటివైపే చూస్తున్నారు. ఇక అంకిత ఆగలేకపోయింది.

"తాతా, నువ్వు ఏ నీళ్లు తాగి పెరిగినవ్?"

పటేల్‌కు పొలమారింది. జయమ్మ ఆయన నెత్తి మీద తట్టి నీళ్ల చెంబు అందించింది.

"గీ వాగు నీళ్లే బిడ్డా," అంది. "గప్పుడు వాగు మంచిగుండె. ఏం జేసినా గిట్లనే తయారైండు."

సోమయ్య పడీపడీ నవ్వాడు. పటేల్ మాత్రం నీళ్లు తాగి, తీరిగ్గా మూతి తుడుచుకుని, ఖాళీ కంచం మైసమ్మ ముందుకు జరిపాడు.

"ఇంకింత పప్పెయ్యి మైసమ్మా."

జయమ్మ తన ముద్ద పక్కన పెట్టేసింది. ఈ సంగతి నలుగురు అన్నలకూ ఎప్పుడెప్పుడు చెబుదామా అని ఆమెకు ఒకటే ఆత్రంగా ఉంది.