ఢిల్లేశు మిషను నేను చేయలేదు

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. చదువుకునే రోజుల్లో అద్దె తక్కువని శ్మశానం గోడ పక్క గదిలో ఉన్నవాణ్ణి. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే వాచీ చూసుకునే రకం. ఇప్పుడు రాస్తున్నది కూడా దయ్యం గురించి అని నేననుకోవడం లేదు.

రెండు వేల నాలుగు, ఐదు ప్రాంతంలో జరిగింది. పలాసలో ఒక జీడిపప్పు కంపెనీలో పనిచేసేవాణ్ణి. ఉద్దానం ఊళ్ళలో రైతుల దగ్గర జీడిపిక్కలు కొనడానికి కంపెనీకి మనుషులుండేవారు. కాటా, ఒక చిన్న షెడ్డు, ఆ ఊరివాడే ఒక ఏజెంటు. ఎవరి దగ్గర ఎంత కొన్నదీ కాగితం మీద రాస్తే తేడాలొస్తున్నాయని ఏజెంట్లందరికీ అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్లు ఇచ్చారు. ప్లాస్టిక్ పుల్లతో తెర మీద పొడిస్తే పనిచేసేవి. ఊళ్ళలో అందరూ వాటిని మిషన్లు అనేవారు. నేనూ అలాగే అంటాను.

ఆ మిషన్లు మధ్యలో ఆగిపోతున్నాయనీ, తేదీలు తప్పు చూపిస్తున్నాయనీ గోల మొదలైతే, వాటిని నడిపించే సాఫ్ట్‌వేరునే మార్చాలని హెడ్డాఫీసు నిర్ణయించింది. ఇప్పుడు ఫోను పక్కన పెట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి దానంతట అదే అప్‌డేట్ అయిపోతుంది. అప్పుడలా కాదు. మనిషి ఊరూరా వెళ్ళాలి. ఆ మనిషిని నేనే.

ఆ పని ఎలా ఉండేదో కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. కొత్త సాఫ్ట్‌వేరు కంపెనీ ల్యాప్‌టాప్‌లో ఉండేది. మా ఆఫీసుకంతా అదొక్కటే. మిషనులో ఉన్న లెక్కలన్నీ ముందు ల్యాప్‌టాప్‌లోకి తీసి దాచాలి, ఎందుకంటే అప్‌డేట్ మొదలైతే మిషను పూర్తిగా తుడిచిపెట్టుకుపోతుంది. తర్వాత హైదరాబాదు హెడ్డాఫీసుకి ఫోన్ చేస్తే అక్కడ ప్రసాద్ అనే ఆయన ఆ ఒక్క మిషనుకే పనిచేసే కోడ్ చెబుతాడు. అది కొట్టి, కేబుల్ కదలకుండా కనిపెట్టుకుని కూర్చోవాలి. మధ్యలో కేబుల్ ఊడిందంటే ఆ మిషను ఇటుకరాయితో సమానం. అంతా అయ్యాక దాచిన లెక్కలు మళ్ళీ ఎక్కించాలి. ల్యాప్‌టాప్ లేకుండా, కోడ్ లేకుండా ఎవరి వల్లా కాదు.

నాది కోనసీమ. పలాసలో నాకెవరూ లేరు. కాశీబుగ్గలో మేడ మీద ఒక గది. పొద్దున లేచేసరికి కిటికీలోంచి జీడిపిక్కలు కాల్చే పొగ వాసన వచ్చేది. మెస్సులో తినడం, ఊళ్ళమ్మట తిరగడం, గదికి రావడం. ఆదివారాలు ఒక్క మాట కూడా మాట్లాడకుండా గడిచిపోయేవి. సాయంత్రం స్టేషనుకి వెళ్ళి, ఎవరినో ఎక్కించడానికి వచ్చినవాడిలా బెంచీ మీద కూర్చునేవాణ్ణి. రైలు వెళ్ళాక అందరితోపాటు బయటికి వచ్చేవాణ్ణి. అక్కడి మనుషులు మంచివాళ్ళే. నాకే కలవడం రాదు. ఏ ఊళ్ళోనైనా భోజనం వేళ తిన్నారా అని అడిగితే, తినకపోయినా తిన్నాననే చెప్పేవాణ్ణి.

వజ్రపుకొత్తూరు దాటి సముద్రం వైపు వెళ్తే ఒక ఊరుంది. పేరు రాయను, ఆ మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు. అక్కడి ఏజెంటు ఢిల్లేశ్వరరావు. అందరూ ఢిల్లేశు అంటారు. ఆయనా, ఆయన భార్య దమయంతీ కొబ్బరి తోట చూసుకుంటూ, సీజనులో జీడిపిక్కలు కొనేవారు. అంతకుముందు నేను ఆ ఊరు వెళ్ళలేదు. ఢిల్లేశునే పలాస ఆఫీసులో ఒకటి రెండుసార్లు చూశాను.

ఆ ఊరు వెళ్ళాల్సిన రోజు నాకు జ్వరం వచ్చింది. మంచం దిగలేదు. మధ్యాహ్నం కింద ఇంటావిడ మిరియాల చారు తెచ్చి, ఒళ్ళు పట్టుకుని చూసి, మాత్ర ఇచ్చి వెళ్ళింది. సాయంత్రం మళ్ళీ వచ్చి చూసింది. ల్యాప్‌టాప్ ఆఫీసు బీరువాలో ఉంది. తాళం గుమాస్తా దగ్గర. ఈ రెండూ తర్వాత నేను పనిగట్టుకుని అడిగి ఖాయం చేసుకున్న విషయాలు.

జ్వరం తగ్గాక ల్యాప్‌టాప్ తీసుకుని, బండి మీద ఆ ఊరు బయల్దేరాను. ఎండ బాగా ఎక్కింది. జీడి తోటల మధ్య ఎర్ర ఇసుక దారి. పళ్ళు రాలి పులిసిన వాసన. షెడ్డు ముందు ఢిల్లేశు కాటా మీద బస్తా వేయిస్తున్నాడు. నన్ను చూసి, బండి వైపు చూసి, నవ్వాడు.

“ఏటి సార్, బండి బాగయిపోనాదా? మళ్ళీ వచ్చినారేటి?”

మిషను అప్‌డేట్ చేయడానికి వచ్చానన్నాను. అతను నా వంక వింతగా చూశాడు.

“మొన్న మీరే సేసీసినారు కదా సార్.”

మిషను తెచ్చి చేతిలో పెట్టాడు. తెరిచి చూశాను. కొత్త సాఫ్ట్‌వేరే. పాత లెక్కలన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి, తేదీ సరిగ్గా ఉంది. నేను చేసినవాటిలో ఒకటి రెండింటికి తెర మీద ఒకచోట పొడిస్తే పక్కచోట పడేది. దీనికి ఆ లోపం కూడా లేదు.

ముందు నాకు వచ్చిన ఆలోచన, హెడ్డాఫీసు వాళ్ళు నాకు చెప్పకుండా ఇంకొకణ్ణి పంపారని. కొంచెం కోపం కూడా వచ్చింది. వచ్చినతను ఎలా ఉన్నాడని అడిగాను. ఢిల్లేశు నేను వేళాకోళం ఆడుతున్నాననుకున్నాడు. మీరే సార్, వస్తానన్న రోజునే వచ్చారు, అన్నాడు. మీ బండి ఊరి బయట ఆగిపోయిందని నడిచి వచ్చారు, భుజాన సంచీ ఉంది, మా ఇంటి అరుగు మీదే కూర్చుని పని చేశారు, నేను కాటా దగ్గర ఉన్నాను, మీరు మా ఆడమనిషితో కబుర్లు చెబుతూ చేసుకున్నారు అని చెప్పాడు. ఏం కబుర్లని అడిగితే, తెలీదు గానీ మీ ఇద్దరి నవ్వులూ ఇక్కడికి వినబడ్డాయన్నాడు.

ఎవరి ఇంట్లోనైనా కూర్చుని నవ్విన మనిషిని కాను నేను. అక్కడే నిలబడిపోయాను. ఎండకి తల తిరుగుతోందనుకుని ఢిల్లేశు అరుగు మీద కూర్చోబెట్టి బస్తాల దగ్గరికి వెళ్ళాడు.

దమయంతి మంచినీళ్ళు తెచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. నీళ్ళు ఇస్తూ మామూలుగా అడిగింది.

“మీ అన్న ఒచ్చినాడా బాబూ? ఇటేపు వస్తాడని రోజూ సూత్తన్నాను.”

నాకు అన్న లేడని చెప్పాను. ఆవిడ నొచ్చుకున్నట్టు చూసింది.

“మీరే కదా సెప్పినారు. మా అన్న పలాసలోనే ఉన్నాడు, ఒక్కడే ఉంటాడు, ఎవులితోనూ మాటాడడు అన్నారు. ఇటొస్తే అన్నం ఎట్టండి, ఆకలేసినా అడగడు, తిన్నానంటే నమ్మకండి, ఇస్తరేసీండి అన్నారు. మూగన్న అనీవోరట కదా మీరు ఆయన్ని.”

గ్లాసు నా చేతిలోనే ఉంది. తాగలేదు.

నాకు అన్న లేడన్న మాట నిజమే. తమ్ముడు ఉండేవాడు. నాకంటే రెండేళ్ళు చిన్న. అయిదో తరగతి చదువుతుండగా కామెర్లొచ్చి పోయాడు. మేమిద్దరం ఒకే అచ్చు అనేవారు. వాడు వాగుడుకాయ, నేను మాట్లాడేవాణ్ణి కాదు. రాత్రి దుప్పట్లో దూరి, అమ్మకి వినబడకుండా, నన్ను మూగన్నా అని పిలిచేవాడు. పెద్దవాణ్ణి అలా అంటే అమ్మ కొడుతుందని వాడి భయం. ఆ పేరు మా ఇద్దరికే తెలుసు. వాడు పోయాక ఆ పేరుతో నన్ను పిలిచినవాళ్ళు లేరు. నేను ఎవరికీ చెప్పలేదు. పలాసలో నాకొక తమ్ముడుండేవాడని తెలిసినవాళ్ళే లేరు.

గ్లాసు అరుగు మీద పెట్టాను. నవ్వు తెచ్చుకుని అన్నాను, “ఆ అన్నని నేనే.”

దమయంతి కొంచెం వంగి నా మొహం పరీక్షగా చూసింది.

“అవును,” అంది. “ఆయన నవ్వితే ఈ బుగ్గ మీద గుంట పడింది. మీకు నేదు.”

తమ్ముడికి ఎడమ బుగ్గ మీద సొట్ట పడేది. ఆవిడ వేలు పెట్టి చూపించింది తన ఎడమ బుగ్గనే.

ఆవిడ లోపలికి వెళ్ళి అరిటాకు తెచ్చి వేసింది. పనసకాయ కూర, చారు. నేను అలవాటుగా తిన్నానని చెప్పాను. “కూకోండి బాబూ,” అంది, అంతే. కూర్చుని తిన్నాను. మీ తమ్ముడు ఈ కూర రెండుసార్లు వేయించుకున్నాడని చెప్పింది. ఆయన ఎక్కడుంటారని ఒక్కసారి అడిగింది. దూరంగా అన్నాను. తినేటప్పుడు ఏడుపు రాలేదు. వజ్రపుకొత్తూరు దాటాక బండి ఆపాల్సివచ్చింది.

పలాస వచ్చాక గుమాస్తాని అడిగాను. బీరువా తాళం తన నడుముకే ఉందనీ, ల్యాప్‌టాప్ ఎవరూ అడగలేదనీ చెప్పాడు. ల్యాప్‌టాప్‌లో కూడా వెతికాను. నేను చేసిన ప్రతి మిషను లెక్కలూ అందులో ఉన్నాయి. ఢిల్లేశువి లేవు. జ్వరంలో తెలియకుండా లేచి వెళ్ళానేమో అని కూడా ఆలోచించాను. కింద ఇంటావిడని అడిగితే, ఎక్కడికెళ్ళగలవు నాయనా, మంచం మీద లేచి కూచోడానికే ఓపిక లేకపోతే, అంది.

హైదరాబాదు ప్రసాద్‌కి ఫోన్ చేశాను. ఢిల్లేశు మిషనుకి కోడ్ ఎవరికిచ్చావని అడిగాను. నీకే ఇచ్చాను, నీ గొంతు నాకు తెలియదా అన్నాడు. ఆ రోజు భలే సరదాగా మాట్లాడావు, పెళ్ళి గాని కుదిరిందా అని అడుగుదామనుకున్నా అన్నాడు.

ఇంకొక చిక్కు ఉంది. మేనేజరుకి నిజం చెబితే, బయటివాడెవడో కంపెనీ మిషను విప్పాడని అర్థం. అప్పటికే ఒక ఊళ్ళో అలాంటి అనుమానం వస్తే అక్కడి కొనుగోలు కేంద్రం మూసేశారు. ఢిల్లేశుకి ఆ కొనుగోలు పోతే తోట ఒక్కటే మిగులుతుంది. అందుకని మేనేజరు ఆ మిషను సంగతి అడిగినప్పుడు, అయిపోయింది సార్ అన్నాను. ఎవరు చేశారని ఆయన అడగలేదు. నేనే చేసి ఉంటానని ఆయనకి తెలుసు కదా. లోకం లెక్కలో ఢిల్లేశు మిషను నేను చేసిందే.

ఆ సీజనంతా, అటు పని ఉన్నా లేకపోయినా, వారానికోసారి ఆ ఊరు వెళ్ళేవాణ్ణి. దమయంతి అన్నం పెట్టేది. మొదట్లో ఆవిడ మాట్లాడేది, నేను వినేవాణ్ణి. తర్వాత్తర్వాత నేనూ చెప్పడం మొదలుపెట్టాను. మా ఊరి కాలవ గురించి, అమ్మ గురించి. ఒకసారి ఢిల్లేశు కాటా దగ్గర నుంచి, ఏటి నవ్వుతున్నారు అని కేకేశాడు. తమ్ముడి గురించి మాత్రం ఆవిడా నేనూ మళ్ళీ మాట్లాడుకోలేదు. ఆవిడకి ఎంత అర్థమైందో నాకు తెలియదు. ఆయన మళ్ళీ వస్తాడా అని ఒక్కసారి కూడా అడగలేదు కాబట్టి, అర్థమైందేమో అనుకుంటాను.

వర్షాలు పడ్డాక నన్ను విశాఖపట్నం బదిలీ చేశారు. కొన్నాళ్ళకి ఆ మిషన్లు కూడా మూలపడ్డాయి.

ఇప్పటికీ నాకు నేను సర్దిచెప్పుకోవాలని చూస్తుంటాను. నాలా ఉండే మనిషి ఒకడు ఉండొచ్చు. ఎక్కడినుంచో ఇంకో ల్యాప్‌టాప్ సంపాదించి ఉండొచ్చు. నా గొంతు కూడా అనుకరించి ఉండొచ్చు. అంత కష్టపడి ఒక పల్లెటూరి మిషను బాగుచేసి, ఏమీ తీసుకోకుండా, తన అన్నకి అన్నం పెట్టమని చెప్పి వెళ్ళిపోయే మోసగాణ్ణి మాత్రం ఊహించలేకపోతున్నాను. ఇటు చూస్తే, నా తమ్ముడు బతికుండగా కంప్యూటరు అన్నదాన్ని కంటితో చూడలేదు. రెండు వైపులా దారి మూసుకుపోతుంది.

అమ్మకి చాలా ఏళ్ళ తర్వాత చెప్పాను. చెప్పకూడదనే అనుకున్నాను. ఒక రోజు వంటింట్లో గుమ్మం దగ్గర కూర్చుని, కూర తరుగుతున్న అమ్మకి మొత్తం చెప్పేశాను. కత్తిపీట మీద చెయ్యి ఆపి విన్నది. మిషను ఎలా బాగయిందని గానీ, బీరువా తాళం గురించి గానీ అడగలేదు.

“ఎంత పొడుగున్నాడట?” అని అడిగింది.

నా అంతే ఉన్నాడటమ్మా, అన్నాను.

అమ్మ నన్ను కాళ్ళ దగ్గర్నుంచి తల దాకా ఒకసారి చూసి, మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. నాకింతకంటే తెలియదు.