పధ్నాలుగో పెట్టెలో చిట్టెలుక

ఆ పరిశోధనశాలలో ఎలుకలకి మేత పెట్టే మనిషిని చిన్నాపెద్దా అందరూ బాబాయ్ అనే పిలిచేవారు. ఇరవై రెండేళ్లుగా ఆయన పని అదే. కిటికీల్లేని గది, ఎడమవైపూ కుడివైపూ ఇనప అరలు, అరల నిండా ప్లాస్టిక్ పెట్టెలు, పెట్టెకి మూడేసి తెల్ల చిట్టెలుకలు. పొద్దున్నే మేత నింపడం, నీళ్ల సీసాలు మార్చడం, తడిసిన రంపప్పొట్టు ఎత్తిపోసి కొత్తది పరవడం. ఇంటికొస్తే భార్య గుమ్మంలోనే ఆపేసేది. "ముందు స్నానం. మీ ముద్దుల కూతుళ్ల వాసన నాకొద్దు."

ఈసారి పరీక్ష కొవ్వుల మీద. ఎడమవైపు పెట్టెలకి జంతువుల కొవ్వు కలిపిన మేత, కుడివైపు వాటికి చేప నూనె కలిపింది. ఏది తింటే పేగుల్లో మంచి సూక్ష్మజీవులు నిలుస్తాయో, ఏది తింటే తరిగిపోతాయో తేలాలి. పరీక్ష నడిపే మేడమ్ వయసులో చిన్నదే అయినా ఓపిక గల మనిషి, ఆయనకీ విడమరిచి చెప్పింది. "కొవ్వు ఎక్కువైతే అరిగించడానికి పైత్యరసం ఎక్కువ ఊరుతుంది బాబాయ్. ఆ రసం కొన్ని జీవులకి పడదు. అవి పోయిన చోట వేరేవి చేరతాయి."

"అద్దెకున్నవాళ్లు పోయి రౌడీలు దిగినట్టు."

"అలాగే అనుకోండి."

నాలుగో వారం ఒక శుక్రవారం, ఎడమవైపు పధ్నాలుగో పెట్టెలో నీళ్ల సీసా కారిపోయింది. రెండు ఎలుకలు తడిసి చచ్చిపోయాయి. మూడోది మూలకి ముడుచుకుని వణుకుతోంది. ఎలుక జాతికి ఒకదాని ఒళ్లే ఇంకోదానికి దుప్పటి. మర్నాటి నుంచి రెండు రోజులు సెలవు. బాబాయ్ చచ్చినవాటి సంగతి చీటీలో రాశాడు. బతికినదాన్ని మాత్రం, ఎక్కడా రాయకుండా, కుడివైపు పెట్టెలో మూడింటి మధ్య వదిలాడు. సోమవారం మేడమ్ వచ్చేలోగా తీసి దాని చోట దాన్ని పెట్టేశాడు. ఆ తర్వాత ప్రతి సెలవుకీ అదే పని.

ఒక పెట్టెలోవి ఇంకో పెట్టెలో కలపకూడదని గోడ మీద కాగితం అంటించే ఉంది. మగవి కొట్టుకు చస్తాయని అలా రాశారని ఆయన నమ్మకం. ఇవి ఆడవి. రెండు రోజులు మేత మారితే కొంపలేం మునుగుతాయి?

పదో వారంలో పెంటికలు పరీక్షకి వెళ్లాయి. ఫలితాలొచ్చిన సోమవారం మేడమ్ గదిలోకి వచ్చిన తీరు చూసి బాబాయ్ సీసా కింద పెట్టాడు.

"ఎడమవైపు అన్నిట్లోనూ మంచి జీవులు తగ్గిపోయాయి బాబాయ్. ఒక్కదాంట్లో తగ్గలేదు. చేప నూనె తిన్నవాటికున్నట్టే ఉన్నాయి. పధ్నాలుగోది. దాని ఒంట్లో ఏదో విశేషముంది. గురువారం శాస్త్రవేత్తల సభలో ఇదే చెప్పబోతున్నాను."

బాబాయ్ పధ్నాలుగో పెట్టె వైపు చూశాడు. "ఒకదాని కడుపులోవి ఇంకోదాని కడుపులోకి వెళ్తాయా మేడమ్?"

"వెళ్లవూ మరి? ఒకదాని పెంటికలు ఇంకోటి తింటుంది కదా. అందుకేగా పెట్టెలు కలపొద్దనేది."

అవి తినడం ఆయన ఇరవై రెండేళ్లుగా చూస్తూనే ఉన్నాడు.

భయాల్లో చాలా రకాలున్నాయి. కుక్క వెంటపడితే పుట్టే భయం కాళ్లలోకి దిగుతుంది. దానికి మందుంది, పరుగు. దాచిపెట్టిన భయం కడుపులో కాపురం పెడుతుంది, దాన్ని వదిలించుకుని పరిగెత్తే దారి లేదు. ఇదివరకు పాతికేళ్ల అనుభవమున్న తోటి పనివాణ్ణి, ఒక్క పెట్టె మూత సరిగా పెట్టలేదని, మధ్యాహ్నానికల్లా ఇంటికి పంపేయడం బాబాయ్ కళ్లారా చూశాడు. ఆ మనిషి భోజనం డబ్బా చంకలో పెట్టుకుని గేటు దాటడం ఇప్పుడు మాటిమాటికీ గుర్తొస్తోంది.

"పళ్లెంలో వేళ్లతో ముగ్గులేస్తున్నారేం?" అంది భార్య, మంగళవారం రాత్రి భోజనం దగ్గర. "ఏమీ లేకపోతే తినండి. ఉంటే చెప్పి తినండి."

చెప్పాడు. ఆమె వేళాకోళం ఆగిపోయింది.

"మీరు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"ఎవరికీ తెలీదు."

"మరింకేం?"

"రేపు ఎవడో డాక్టరు ఎవడితోనో అంటాడు, నువ్వు ఎంత కొవ్వైనా తినొచ్చు, కొన్ని ఒళ్లు తట్టుకుంటాయి, ఎలుకలో చూశాం అని. ఆ ఎలుకని అలా చేసింది నేను."

ఆమె లేచింది. పళ్లెం తీస్తూ, "చెప్పేటప్పుడు నిలబడి చెప్పకండి. మీ మోకాళ్లు వణకడం ఇక్కణ్ణుంచే కనపడుతోంది," అంది.

బుధవారం పొద్దున మేడమ్ గదికి వెళ్లి బాబాయ్ కూర్చోకుండానే చెప్పేశాడు. ఏ పెట్టెలోంచి ఏ పెట్టెలోకి, ఎన్ని సెలవులు, అన్నీ. ఆవిడ తిట్టలేదు. ముందున్న ప్రసంగం కాగితాలు బోర్లించింది. కేకలేస్తే బాగుండునని బాబాయ్‌కి అనిపించింది.

"ఈ ఒక్కసారేనా బాబాయ్?"

ఆ ప్రశ్న వస్తుందని ఆయన అనుకోలేదు. ఆవిడ వెనక అరలో ఏళ్ల తరబడి చేసిన పరీక్షల నివేదికలు, అట్టలు వేసి, వరసగా ఉన్నాయి. ఒంటరిగా మిగిలిన ఎలుకని ఏనాడూ ఆయన ఒంటరిగా వదల్లేదు. పంచదార పరీక్షలోనూ, నిద్ర పరీక్షలోనూ, అంతకుముందు ఆవిడ గురువుగారు చేసిన పరీక్షల్లోనూ.

"బాబాయ్?"

అప్పుడు కూర్చున్నాడు. ఆవిడ అర దగ్గరికెళ్లి అన్నిటికంటే పాతదాన్ని బయటికి లాగింది.

"దీంట్లో?"

ఆయన తలూపాడు. ఆవిడ దాన్ని బల్ల మీద పెట్టి, అరలో దాని పక్కదాని మీద చెయ్యి వేసింది.