తొమ్మిదిమందికి ఒక్క గడప

ఆ రోజుల్లో ఉద్యోగానికి చదువుంటే చాలనుకునేవాళ్ళం. చదువు కన్నా ముందు ఇంటికి నెంబరు కావాలని మా సందు ఆడపిల్లలకు టైపు పరీక్ష పాసయ్యాక గానీ తెలియలేదు. చిత్తూరులో ఏటి ఒడ్డున మావి ముప్పై ఒక్క గుడిసెలు (నేనే లెక్కపెట్టాను, కోళ్ళగూళ్ళు కలపలేదు). కాగితాల్లో అవి ఇళ్ళు కావు గనుక వాటికి నెంబర్లు లేవు. నెంబరు లేనివాళ్ళ పేరు ఉద్యోగాల ఆఫీసులో రాసుకోరు. సందు మొదట్లో ఉన్న ఒక్క పెంకుటిల్లు టైలర్ చిచ్చాది. "నా నెంబరు రాసుకోండమ్మా, గోడమీద అంకె వాడితే అరిగిపోతాదా!" అన్నాడాయన. అందుకు బదులుగా మేం ఆయన చొక్కాలకు కాజాలు కుట్టిపెట్టేవాళ్ళం. నా వంతు వారానికి పద్దెనిమిది.

ఒక ఆఫీసులో టైపిస్టు ఖాళీలు రెండున్నాయని నాకూ, నా స్నేహితురాలికీ ఒకే రోజు కార్డులొచ్చాయి. ఆమెను అందరం మిషనమ్మ అనేవాళ్ళం. నిమిషానికి నేను ముప్పై ఎనిమిది మాటలు కొడితే ఆమె యాభై రెండు కొట్టేది. పరీక్ష బాగా రాశాం. ఆఫీసరు మా ఉద్యోగాల ఆఫీసు కార్డులు పక్కపక్కన పెట్టి, "ఇద్దరిదీ ఒకే ఇల్లా?" అన్నాడు.

"అవును సార్, అక్కచెల్లెళ్ళం," అంది మిషనమ్మ.

"తండ్రుల పేర్లు వేరే ఉన్నాయే?"

"మా చిన్నాయన కూతురు సార్."

ఆయన నవ్వి కలం తీశాడు. అక్కడితో నేను నోరు మూసుకోవాల్సింది. కానీ తప్పు లెక్క చెవిన పడితే, తుమ్ము ఆగనట్టు నాకు మాట ఆగదు.

"కాదు సార్. ఆ నెంబరుతో మా సందులో తొమ్మిదిమందిమి ఉండాము."

కలం కదిలింది, కొట్టివేయడానికి. దొంగ చిరునామా అని మా రెండు కార్డులే కాదు, వారం తిరిగేలోగా మిగతా ఏడూ రద్దయ్యాయి. ఆ రోజు నడిచి ఇంటికొచ్చాం. సందు మొదట్లో ఆగి మిషనమ్మ, "నీ లెక్క మాత్రం సరిగ్గా ఉండాదిలే మే," అంది. ఆ వేసవికే ఆమె బంగారుపాళ్యంలో మామిడికాయలు కోసే పనికి చేరింది. సొన తగిలి తగిలి ఆ యాభై రెండు మాటల వేళ్ళు పొట్టు లేచిపోయాయి. మళ్ళీ ఆమె టైపుమిషను ముట్టుకోలేదు.

నేను తిరుపతికొచ్చి ఒక లాడ్జిలో గదుల చిట్టా రాస్తూ ముసలిదాన్నయ్యాను. ఇప్పుడు నా గుమ్మం పక్కన నెంబరుంది. మొన్న వెనక గుడిసెల్లోని పిల్ల ఫోను పట్టుకుని వచ్చింది.

"అవ్వా, ఇంటి నెంబరు వేయకుంటే ఫారం ముందుకు పోదు."

"నాది వేసుకో."

"ఇంకా ఎంతమంది వేసుకున్నారవ్వా?"

"నాకేం తెలుసు పాపా, లెక్కపెట్టలేదు," అన్నాను.

డెబ్బై మూడేళ్ళలో తడబడకుండా నేనాడిన మొదటి అబద్ధం అది. (ఆ పిల్లతో పధ్నాలుగు.)