లాభం అని కొట్టిన గడి

నా దస్తూరి బాగుండదు. అక్షరాల్లో తప్పులూ పోతాయి. అయిదో తరగతితో బడి మానినవాణ్ణి, సర్దుకుని చదవండి. బేస్తవారిపేట బస్టాండు పక్కన జిరాక్స్ దుకాణం నడిపిన, నన్ను పెదనాయనా అని పిలిచే అమ్మాయి పోయిన నెలలో కన్నుమూసింది. "గుండె ఆగిపోయింది పెదనాయనా" అని వాళ్ళాయన ఫోన్ చేశాడు. నాకు ఫోనులో మాట్లాడటం ముందునుంచీ చేతకాదు. అందుకే రాస్తున్నాను.

నాకు కంప్యూటర్ నేర్పింది ఆమే. మా ఊళ్ళో కొర్ర విత్తనానికి ఒక ఉమ్మడి గాదె ఉంది. కోతలయ్యాక ఎవరికి కలిగినన్ని మానికలు వాళ్ళు పోస్తారు, వానలప్పుడు తీసుకుంటారు. కొలిచేది నేను. రాసిపెట్టిన కాగితాలు చెదలు తిన్నాక, ఆమె దుకాణంలో కూర్చుని ఎక్సెల్‌లో ఎక్కించడం మొదలుపెట్టాను. నా కోసం మీటల మీద తెలుగు అక్షరాలు రాసి అంటించింది. ఒంటి వేలితో కొట్టేవాణ్ణి.

ఒక ఏడు పంచేముందు గాదె మళ్ళీ కొలిస్తే తొంభై మూడు మానికలు వచ్చాయి. కంప్యూటర్‌లో మొత్తం ఎనభై అయిదే. తమ్ముడి వరసవాడు అందరి ముందూ అన్నాడు: "ఏందన్నా, ఎనిమిది ఎక్కువొచ్చినాయి? మా దగ్గర తలకొట్టకుండా కుప్పగా కొలిచినావా ఏంది?"

నవ్వుతూనే అన్నాడు. కానీ నలభై ఏళ్ళు కొలిచిన చెయ్యి నాది. బేస్తవారిపేట బస్సెక్కాను.

"ఏంది పెదనాయనా, మొగం అట్ల పెట్టినావు?" అని ఆమె టీ తెప్పించింది.

"మొత్తం తప్పు వచ్చిందమ్మా."

"తప్పు మొత్తంలో యాడుంటాది? పైన వరసల్లో ఉంటాది. రా, చూద్దాం."

కళ్ళజోడు కొంగుతో తుడుచుకుంది. ఏ పనికైనా ముందు అదే. మొత్తం కూడే సూత్రం మొదటి వరస నుంచి చివరి వరస దాకా పట్టిందా లేదా చూసింది. పట్టింది. తెర మీద వేలు పెట్టి కిందికి దిగుతూ ఒకచోట ఆగింది.

"అంకెలన్నీ కుడిపక్కన నిలబడినాయి. వీళ్ళేంది ఎడమ గోడకు ఒరిగినారు?"

అవి ఒక్క మానికే పోసిన ఇళ్ళు. అక్కడ నేను 'లాభం' అని కొట్టాను. గింజ కొలిచేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనం, లాభం అంటాం కదా.

"అది మాటల్ని కూడదు పెదనాయనా. అంకె అయితేనే కూడేది."

"గింజల దగ్గర ఒకటి అని రాయనమ్మా."

నేను ఎవరికీ ఎదురు చెప్పను. ఆ మాట ఎట్లా వచ్చిందో. ఆమె పకపకా నవ్వింది. "సరే, నువ్వు మారొద్దులే. దానికే నేర్పుదాం."

లాభం అని ఎన్ని గడుల్లో కనబడితే అన్ని ఒకట్లు కలుపుకొమ్మని సూత్రానికి ఇంకో ముక్క చేర్చింది. తొంభై రెండు వచ్చింది. చాల్లే అని లేవబోయాను.

"కూర్చో. ఒకటే గదా అని ఇడిస్తే, అది ఎవరిల్లో?"

ఒక్కో గడిలోకీ వెళ్ళి చూసింది. ఒకచోట లాభం తరువాత ఖాళీ వదిలే మీట నొక్కాను. కంటికి కనబడదు గానీ, కంప్యూటర్‌కు అది వేరే మాటట. ఆ వరస మా ఇంటిదే. "ఊరందరివీ సరిగ్గా కొట్టి నీదే పోగొట్టుకున్నావే!" అని రెండేళ్ళు ఆటపట్టించింది.

అచ్చు తీసిన కాగితం చూసి తమ్ముడు తల గోక్కున్నాడు. "ఈసారి గూడా నువ్వే కొలువన్నా."

ఆ తరువాత ప్రతి కోతకూ, సెంటు భూమి లేని ఆమె, ఎవరి దగ్గరో కొని ఒక మానిక పంపేది. "వానలప్పుడు గింజ లేనోళ్ళకియ్యి. వరసలో నా పేరు ఉంటే చాలు" అనేది.

ఈ ఏడు ఆమె వరస ఖాళీ. మా గింజల్లోంచి ఒక మానిక ఆమె పేరున గాదెలో పోశాను. నిన్న వాళ్ళాయన దుకాణం తెరిస్తే వెళ్ళి కూర్చున్నాను. ఆమె అంటించిన 'ల' అరిగి కనబడటం లేదు. వేలికి తెలుసు. లాభం అని కొట్టాను. ఖాళీ మీట నొక్కలేదు. మాట ఎడమ గోడకు ఒరిగి నిలబడింది. కింద మొత్తంలో ఒకటి పెరిగింది.

ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళు మీలో ఉంటే, వానలు పడేదాకా ఆగకుండా ఆమె గురించి నాకు రెండు ముక్కలు రాయండి.