ఉల్లిగడ్డల గోనెసంచిలో స్విట్జర్లాండు

స్విట్జర్లాండులో ద్రాక్ష పండే సీమలు ఆరు. ఆ ఆరు సీమల వైన్లనూ ఒకే సాయంత్రం నాలుక మీద వేసుకుని, సీసాకు లేబులు లేకున్నా ఏది ఏ కొండవాలుదో చెప్పిన తెలుగువాడు ఒమన్ దేశం మొత్తానికి నేనొక్కడినే. మస్కట్ నుంచి ఇబ్రి దాకా, ఇబ్రి నుంచి సహం దాకా వెతుక్కోండి. ఇంకొకడు దొరికితే నా మెస్సులో వాడికి జన్మంతా భోజనం ఉచితం. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మొన్న శుక్రవారం మస్కట్ శివారు మబేలాలో, నా మెస్సులోనే, నేను వండిన మాంసం కూర తింటూనే, నా సొంత మేనల్లుడు స్విట్జర్లాండును అవమానించాడు.

వాడు చిన్నపిల్లవాడేం కాదు, ఇద్దరు బిడ్డల తండ్రి. మస్కట్‌లో ఒక పెద్ద హోటల్లో పని. ఇప్పుడు వాడిని వైను వడ్డించే చోట వేస్తారట. అందుకని హోటల్ వాళ్ళు ట్రైనింగ్ ఇచ్చారు. ఆ చదువంతా నాకు అప్పజెప్పడానికి వచ్చాడు. కూర కలిపిన చేతి వేళ్ళ మీదే దేశాలు లెక్కపెట్టాడు: ఫ్రాన్సు, ఇటలీ, స్పెయిను, చిలీ, దక్షిణాఫ్రికా. చివరికి మన నాసిక్ కూడా వచ్చింది. నేను ఓపిక పట్టి, మరి స్విట్జర్లాండు సంగతేమిటని అడిగాను.

"గాడ వైనెక్కడిది మామా? చాక్లెట్లు, గడియారాలు, గంతే. మంచుల ద్రాక్ష ఎట్ల కాస్తది?"

పక్క బల్ల దగ్గర సైటు నుంచి వచ్చిన మనవాళ్ళు నవ్వారు. నాకు కోపం తలకెక్కింది. మంచులో ద్రాక్ష కాయదు సరే, మంచు కరిగి వచ్చిన నీళ్ళతో కాస్తుందని ఆ హోటల్లో ఎవరూ చెప్పలేదా? రోన్ నది పొడవునా వలే అనే సీమ ఉంది. అటూ ఇటూ కొండలు మబ్బుల్ని అడ్డగించడం వల్ల అక్కడ వాన తక్కువ, ఎండ ఎక్కువ. దేశంలో అన్నిటికంటే ఎక్కువ ద్రాక్ష అక్కడే. జెనీవా సరస్సు ఒడ్డున వో అనే సీమ. అక్కడ మెట్లు మెట్లుగా రాతి గోడలు కట్టి తీగలు పెంచుతారు. జెనీవా ఒక సీమ. న్యూషాటెల్ చుట్టుపక్కల మూడు సరస్సుల సీమ. జర్మన్ మాట్లాడే వైపు ఒకటి. ఇటాలియన్ మాట్లాడే టిచీనో ఒకటి. ఎర్ర ద్రాక్షలంటే టిచీనోలో మెర్లో, జర్మన్ వైపు పినో నువార్, జెనీవాలో గామే. ఇక శాస్లా అనే తెల్ల ద్రాక్ష అటు మూడు నాలుగు సీమల్లోనూ ఉంటుంది. పుట్టింట్లో ఒక పేరు, అత్తింట్లో ఒక పేరు ఉన్న కోడలిలాగా, వలేకి వచ్చేసరికి దాని వైను పేరు ఫాందాన్ అవుతుంది. పెతీత్ అర్విన్, కోర్నలాన్ అని ఆ కొండలు దాటి పెద్దగా బయటికి రాని రకాలు కూడా ఉన్నాయి. ఇన్ని ఉన్న దేశానికి హోటల్ వాళ్ళ లెక్కలో ఒక్క వేలు కూడా దక్కలేదు.

నిజానికి సగం తప్పు ఆ దేశం వాళ్ళది. పండించినదంతా వాళ్ళే తాగేస్తారు. బయటికి పంపేది నైవేద్యమంత. ఇంట్లో వంటంతా ఇంట్లోనే తినేసి, మా అమ్మ చేతి వంట ఎవరూ మెచ్చుకోరేమని అలిగితే ఎలా? ఈ మాట నేను మా సారుతోనే అన్నాను. ఆయన నవ్వాడు గానీ, నేను నవ్వడానికి అనలేదు.

మా సారు అంటే నేను మస్కట్‌లో వంటా డ్రైవింగూ చేసిన ఇంటి యజమాని. నీళ్ళ ఇంజినీరు. వలే సీమ మనిషి. తెల్లటి కనుబొమలు, ఎండకు కమిలిన ముక్కు, మాట తక్కువ. ఇబ్రిలో సైటు మీద కాంక్రీటు మోసి నడుము విరగ్గొట్టుకున్న నాకు గరిటె అప్పగించిన పుణ్యాత్ముడు. నాలుగు రోజులు సెలవు దొరికితే కారు జెబెల్ అఖ్దర్ కొండ మీదికి తీయమనేవాడు. అక్కడ మెట్ల పొలాల్లో దానిమ్మ, గులాబీ, పందిళ్ళ మీద ద్రాక్ష. కొండ అంచు వెంబడి ఫలజ్ కాలువ. ఊళ్ళో వాళ్ళు ఆ నీళ్ళను వంతులు వేసుకుని పారించుకుంటారు. సారు ఆ కాలువ గట్టున బూట్లు విప్పి కూర్చునేవాడు. వాళ్ళ ఊళ్ళోనూ అంతేనట. మంచు నీళ్ళు కొండ అంచున కాలువ కట్టి తోటలకు తెస్తారట, వంతుల కోసం కొట్టుకుంటారట. "ఇది మా ఊరే. వైను ఒక్కటే తక్కువ" అనేవాడు. ఒమన్ తాతలు ఇచ్చిన పండ్లు తింటూ, వాళ్ళ ముందు ఆ మాట అనేవాడు కాదు. అంత మర్యాద తెలిసినవాడు.

ఆ మర్యాద లేనివాడు ఆయన కంపెనీ పెద్ద మేనేజరు. ఫ్రాన్సు మనిషి. ఒకసారి వాళ్ళింట్లో విందుకు వడ్డించడానికి నన్ను అరువు తెచ్చుకున్నారు. పళ్ళెం పట్టుకుని నేను పక్కనే ఉన్నాను. ఆ పెద్దమనిషి గ్లాసు తిప్పుతూ, "స్విస్ వాళ్ళు తమ వైను బయటికి పంపరు. లోకం మీద వాళ్ళకు ఎంత దయ" అన్నాడు. అందరూ నవ్వారు. మా సారు చాకుతో రొట్టె ముక్కను చిన్నగా, ఇంకా చిన్నగా కోస్తూ కూర్చున్నాడు. నా చేతిలో పళ్ళెం ఉండబట్టి సరిపోయింది.

సారు కాంట్రాక్టు అయిపోయి వెళ్ళిపోయే ముందు ఆ మేనేజరునే విందుకు పిలిచాడు. అప్పటికి సారు భార్య సామాను సర్దుకుని ముందే వెళ్ళిపోయింది. ఊరికి వెళ్ళి వచ్చినప్పుడల్లా చట్టం ఒప్పుకున్నంత మేర తెచ్చి దాచిన సీసాలు ఆరు, సీమకు ఒకటి. మూడు ఎరుపు, మూడు తెలుపు. ఆ తెలుపుల్లో ఒకటి ఆయన తండ్రి చేతి ఫాందాన్. తండ్రి పోయాక అన్నదమ్ములు తోట అమ్మేశారు. ఆ సీసా ఆ తోట చివరి పంట. ఇంకొకటి లోకంలో లేదు. దాన్ని ఆ ఫ్రెంచాయన చేత తాగించి, ఇది మా నాన్నది అని ఒక్క మాట చెప్పి వెళ్ళిపోవాలి. సారు ఆశ అంతే. ఆ సంగతి నాకు చెబుతూ సీసాను రెండు చేతులతో పట్టుకున్నాడు, బాలింత బిడ్డను పట్టుకున్నట్టు.

తెల్ల వైన్లు చల్లగా ఉండాలి, ఐసులా కాదు, నేలమాళిగంత చల్లగా అన్నాడు. మస్కట్ విల్లాలో నేలమాళిగ ఎక్కడ తేను? ఫ్రిజ్‌లో పెడితే మరీ ఐసులా అయిపోతాయి. నాకు మా ఊరి మంచినీళ్ళ కుండ గుర్తుకొచ్చింది. తడిగుడ్డ చుట్టి గాలి తగిలే చోట పెడితే ఏ మిషనూ ఇవ్వని చల్లదనం వస్తుంది. ఉల్లిగడ్డల గోనెసంచి కోసి, తడిపి, మూడు సీసాలకూ బిగించి చుట్టి, మెట్ల కింద గాలివాటులో నిలబెట్టాను. పొద్దుటి నుంచీ నీళ్ళు చల్లుతూనే ఉన్నాను. చలికాలం గాలి, బ్రహ్మాండంగా చల్లబడ్డాయి. ఈ తెలివికి నన్ను నేను మెచ్చుకుంటూ బయట గేటు దగ్గర దీపాలు సరిచేస్తున్నాను. ఆ ఇంట్లో పనిచేసే కడప ఆమె, నేను చెల్లె అని పిలుస్తాను, వంటింట్లో గోనెపట్టాలు విప్పింది. విప్పగానే ఏడుపు వినపడింది.

లేబుళ్ళు మూడూ గోనెకు అంటుకుని ఊడి వచ్చాయి. ముద్దలు ముద్దలుగా. వో శాస్లా, న్యూషాటెల్ శాస్లా, వలే ఫాందాన్. ద్రాక్ష ఒకటే, రంగు ఒకటే, సీసా ఒకటే, తిప్పుడు మూతల మీద అచ్చు లేదు. మూడు సీసాలు స్నానం చేయించిన కవలల్లా నిలబడ్డాయి. నాకు ఈ రోజుకీ మండిపోయేది ఇదే. సెకను తేడా రాకుండా గడియారం చేసే దేశం, నీళ్ళకు నిలిచే జిగురు చేయలేదా? మా మెస్సులో పచ్చడి సీసా మీది చీటీని చాకుతో గీకినా రాదు.

ఇక్కడే నా నాలుక ప్రతాపం. సారు మూడు గ్లాసులు పోశాడు. నేను చెంచాతో ఒక్కొక్కటీ చప్పరించాను. మొదటిది సరస్సు గాలి. రెండోది పచ్చి బాదం. మూడోది వాన పడ్డ కొండరాయి. ఇదే సార్ మీ నాన్నది అన్నాను. సారు నా భుజం తట్టాడు. విందులో ఆ వైను పోస్తే ఫ్రెంచాయన ఒక గుటక వేశాడు. మళ్ళీ గ్లాసు చాపాడు. సారు అప్పుడు చెప్పాడు, "మా నాన్న చివరి పంట" అని. బల్ల దగ్గర ఎవరూ నవ్వలేదు.

మొన్న శుక్రవారం ఈ కథంతా ఇలాగే చెప్పాను. మేనల్లుడు ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయాడు. అప్పుడే నా మనసు పీకింది, చెప్పిన గొప్పలు సగం దించుకున్నాను. ఆరు సీమలూ రుచి చూశానన్నది కొంచెం సాగదీసిన మాట. ఎరుపులు నేను ముట్టలేదు. తెలుపులు చెంచాతో చప్పరించిన మాట కూడా, నిజం చెప్పాలంటే, విందు అయిపోయాక గ్లాసుల అడుగున మిగిలినవి. అన్నీ ఒకేలా పుల్లగా ఉన్నాయి. వాన పడ్డ కొండరాయి అన్నది సారు అప్పుడప్పుడూ అనే మాట. సీసా తేల్చే వేళకు నేను వంటింట్లోనే లేను, గేటు దగ్గర అతిథి కారుకు దారి చూపిస్తున్నాను.

"మరి ఎవలు చెప్పిన్రు మామా?"

"ఇంకెవరు రా. సారే. ఒక్క గుటకల పట్టేసిండు. తండ్రి తోట కొడుకు నాలిక మర్చిపోతదా? దేశం విడిచి ఎన్నేండ్లయినా మర్చిపోదు." ఈ మాట అంటున్నప్పుడు నా గొంతు నాకే గంభీరంగా వినిపించింది. పక్క బల్ల వాళ్ళు కూడా తలలూపారు. వాళ్ళకూ తండ్రులున్నారు, తోటలు లేకున్నా.

మా కడప చెల్లె గోడ పక్కన కూర్చుని మజ్జిగన్నం తింటోంది. ఇప్పుడు మస్కట్‌లో వేరే ఇంట్లో చేస్తుంది, సెలవు దొరికిన శుక్రవారం మెస్సుకు వస్తుంది.

"ఆ ఫ్రెంచాయప్ప గ్లాసు సాపింది వైనుకు కాదన్నా, నీళ్ళకు" అంది. "నీ ఉల్లిగడ్డల కూరలో కారం ఎక్కువైంది. నేనే పోసినా నీళ్ళు."

నాకు ఒళ్ళు మండింది. నా కూరను అంటే ఊరుకుంటానేమో గానీ సారు గెలుపును తగ్గిస్తే ఊరుకోను. అయితే ఏమైంది, సీసా మాత్రం సారు కనిపెట్టింది నిజమా కాదా అని గట్టిగా అడిగాను.

"కాదు. మూడు గ్లాసులూ తాగినాడు. మళ్ళా మొదటికాణ్ణుంచి తాగినాడు. తెలీల్యా ఆయప్పకు. కిటికీ దిక్కు తిరిగి నిలబడుకున్యాడు శానాసేపు." ఆమె చేయి కడుక్కోవడానికి లేచింది. "నేను ఏడుస్తానే ఉండా. నా దిక్కు చూసి, ఏడవొద్దమ్మా, నువ్వే ఒకటి చూపించు అన్యాడు. నడిమిది చూపించినా. ఇదే మా నాయనది అని ఎత్తుకపోయినాడు. అది ఎవురి నాయనదో నాకు ఈ పొద్దుకీ తెలీదు."